అత్త పక్కన చోటు

ఫూసీ చేయి ఆకు పొట్లం మీద పడేలోపే పొట్లం పక్కకు జరిగిపోయింది.

అప్పుడే దాని అరిటాకు విప్పారు. చేమాకుల మధ్య గొర్రె డొక్క మాంసం కొబ్బరిపాలలో ఉడికి, పైన కొవ్వు తేలుతూ పొగలు కక్కుతోంది. ఆ పొగ ముఖానికి తగలగానే ఆమెకు నోట్లో నీళ్ళూరాయి. పాస్టరుగారి ప్రార్థన ముగిసింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె చేయి చాచింది. వెనకనుంచి మరో చేయి వచ్చి ఆ పొట్లాన్ని ఎత్తి, ఎదుటి వరసలో కూర్చున్న హావిలి ముందు పెట్టింది. ఖాళీ అయిన చోట ఒక పింగాణీ పళ్ళెం దిగింది. అందులో ఉడకబెట్టిన క్యాబేజీ, రెండు గట్టి బిస్కెట్లు.

"నీకు షుగరు కదా అత్తా," అంది లోసానా మెల్లగా.

మెల్లగానే అంది. కాని ఆమెన్‌కూ మొదటి ముద్దకూ మధ్య ఉండే ఆ కాస్త నిశ్శబ్దంలో ఆ మాట విందు చాప ఈ చివరనుంచి ఆ చివరదాకా వినబడింది.

హావిలి ఊరిపెద్ద తరఫున సభల్లో మాట్లాడే ముసలాయన. ఊరికే ఉండే రకం కాదు. పొట్లం వంకా ఫూసీ వంకా చూసి, "ఇదేమిటి, ప్రార్థన చేసింది పాస్టరుగారు, ఫలించింది నాకా!" అన్నాడు. జనం నవ్వారు. ఫూసీ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా చూస్తారు. క్యాబేజీ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు. నీళ్ళు నమిలినట్టుంది. పొట్లం అంచు తగిలిన వేలికి కొబ్బరిపాల వాసన ఇంకా అంటుకునే ఉంది. ఆ వేలిని ఎవరూ చూడకుండా చర్చికని బట్టల మీద నడుముకు చుట్టుకున్న అల్లిక చాపకు తుడుచుకుంది.

లిఫుకా దీవిలో అది ప్రార్థన వారం. కొత్త సంవత్సరం మొదటి వారమంతా తెల్లవారకముందే చర్చికి, అక్కడినుంచి ఆ రోజు వంతు వచ్చిన ఇంటికి విందుకు. సోమవారం వంతు నానీసె వాళ్ళది. భోజనాలు ముగిసేదాకా లోసానా ఫూసీ వెనకే నిలబడి ఈగలు తోలింది. అటు ఒక చిలగడదుంప, ఇటు ఒక గ్లాసు కూల్‌డ్రింకు వస్తే చాలు, ముందుకు వంగి వాటిని దాటించేసింది. ఇంటికి బయలుదేరేటప్పుడు నానీసె ఎదురొచ్చి ఫూసీ చేయి పట్టుకుంది.

"మా ఇంట్లో నీ నోటికి ఏమీ అందలేదే వదినా. కోడలు భలే కాపలా కాస్తోంది."

"కాయనీ. నేను బంగారాన్ని కదా," అంది ఫూసీ.

*

సాయంత్రం కెలెపి వచ్చాడు. ఫూసీ అన్నగారి కొడుకు, లోసానా మొగుడు. భారీ మనిషి. పెరటి వైపున్న ఆమె చిన్న ఇంటి గడపలో కూర్చుంటే లోపలికి వెలుతురు రాలేదు. ఫూసీ చాప అల్లడానికి ఎండిన మొగలి ఆకు రేకులను గవ్వ అంచుతో గీకి సాపు చేస్తోంది. తలెత్తలేదు.

"అత్తా, లోసానా తెలీక చేసింది."

"తెలీకేం? తెలిసే చేసింది. నా మీద ప్రేమతో చేసింది. అందుకే తిట్టడానికి కూడా లేకుండా పోయింది."

"కోపమొచ్చిందా?"

"ఆకలేసింది."

కెలెపి నవ్వబోయి ఆపుకున్నాడు. తల వంచుకుని గడపమీది ఇసుకను వేలితో తోశాడు. "పోయిన నెల నువ్వు కళ్ళు తిరిగి పడ్డాక ఆస్పత్రిలో ఆ నర్సమ్మ మమ్మల్ని పట్టుకుని, ముసలామెను తిండి పెట్టి చంపుతారా అందిగా. అప్పట్నించీ లోసానాకి అదే భయం. రాత్రుళ్ళు లేచి కూర్చుంటోంది."

"సరే. గురువారం మన వంతు. ఏం వండిస్తున్నావు?"

అతని ముఖం వెలిగింది. పంది, ఓడమీద వచ్చిన గొర్రె డొక్కల పెట్టెలు, డబ్బా గొడ్డుమాంసం, నూడుల్స్, గులాబీ రంగు కేకు, పిల్లలకీ పెద్దలకీ కూల్‌డ్రింకులు. ఒక్కోటీ చెబుతూ అరచేతిమీద గుద్దుకున్నాడు.

"పంది ఉండనీ," అంది ఫూసీ. "మీ నాన్న ఇంట్లో పంది లేకుండా విందు కాదు. మిగతావి వద్దు."

"అత్తా!"

"చేపలు తేరా. ఆక్టోపస్ నేను తెస్తాను. చేమాకు మన తోటలోదే. సీమపనస కాయలు చెట్టునిండా ఉన్నాయి. తాగడానికి నిమ్మగడ్డి కాచిన నీళ్ళు."

"అది బీదవాళ్ళ తిండి అత్తా! ఈ ఏడు కెలెపికి గతిలేదు, రీఫు రాళ్ళ మీద ఏరుకొచ్చి పెట్టాడంటారు. పాస్టరుగారి చేతికి గడ్డి నీళ్ళిమ్మంటావా?"

"మా అమ్మ అప్పటి పాస్టరుకు అదే పెట్టింది. వేళ్ళు నాక్కున్నాడాయన. నేను చూశాను."

"అప్పుడు ఓడలు రాలేదు కాబట్టి నాక్కున్నాడు."

ఫూసీ గవ్వ కింద పెట్టింది. అన్న పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. మేనత్త కాదన్న పెళ్ళి జరగదు, వద్దన్న కోడిపిల్ల కొయ్యరు. అయినా ఆమె ఎప్పుడూ ఏదీ గట్టిగా అడిగిన మనిషి కాదు. ఇప్పుడు గొంతు పెంచలేదు కాని, ఆ గొంతు కెలెపి చిన్నప్పుడు కూడా విన్నది కాదు.

"నేను నిన్ను అడగట్లేదురా. చెబుతున్నాను."

అతను వేలికంటిన ఇసుకను దులుపుకున్నాడు. తరువాత "సరే అత్తా," అని లేచాడు. వెళ్ళిపోతున్న అతని వీపు చూస్తే ఫూసీకి గెలిచినట్టు అనిపించలేదు. పిల్లాడి చేతిలోంచి ఏదో లాక్కున్నట్టుంది.

"ఒరే, బుధవారం నీ పెళ్ళాన్ని నాతో రీఫుకు పంపు," అని కేకేసింది.

*

బుధవారం చర్చి వదిలేసరికి సముద్రపు నీళ్ళు బాగా వెనక్కి తీసేశాయి. పగడపు రాళ్ళ రీఫు వీపు బయటపడి నల్లగా, తడిగా మెరుస్తోంది. ఫూసీ పాత రబ్బరు బూట్లు వేసుకుని, నడుముకు బుట్ట కట్టుకుని, కర్ర పట్టుకుని ముందు నడిచింది. కాలికి గీత పడినా మానదని నర్సమ్మ చెప్పిన మాట ఒక్కటి మాత్రం ఆమె ఎప్పుడూ మీరలేదు. వెనక లోసానా. రాజధాని ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. పెళ్ళయి ఇన్నేళ్ళయినా రీఫు మీద నడక రాలేదు. ప్రతి అడుగూ నీళ్ళను అడిగి వేస్తుంది.

"అడుగున చూడకు, ముందుకు చూడు," అంది ఫూసీ. "పీత డొప్పలు కుప్పగా పడున్న బొరియ కనిపిస్తే చెప్పు. తిన్నవాడు ఇంటి ముందే ఎంగిలి పారేస్తాడు."

ఫూసీ చిన్నప్పుడు ఇక్కడ ఆడవాళ్ళు వరసగా పాట పాడుకుంటూ నడిచేవాళ్ళు. తల్లి ముందుండేది. ఆమె నడుము బుట్ట వెనక నీళ్ళలో తేలుతూ వస్తుంటే పిల్లలు దాన్ని పట్టుకుని ఈదేవాళ్ళు. మధ్యాహ్నానికి ఎవరికీ ఆకలి ఉండేది కాదు. గవ్వ విప్పి ఒకటి, ముళ్ళ బంతిలా ఉండే సముద్రపు ముల్లుకాయ పగలగొట్టి ఒకటి, నిలబడ్డ చోటే తినేవాళ్ళు. ఇంటికి చేరేది మిగిలిందే. ఇప్పుడు రీఫు మీద వీళ్ళిద్దరే ఉన్నారు. దూరంగా ఓడరేవులో పెట్టెలు దింపుతున్న చప్పుడు గాలికి వస్తోంది.

"అక్కడ, అత్తా!"

బొరియ ముందు పీత డొప్పలు. ఫూసీ మోకాళ్ళమీద కూర్చుని కర్ర కొసను మెల్లగా లోపలికి పోనిచ్చింది. పొడవలేదు, చక్కిలిగిలి పెట్టినట్టు కదిపింది. కాసేపటికి ఒక చేయి బయటికి వచ్చి కర్రను తడిమింది. ఇంకొకటి. ఆమె కర్రను నీళ్ళంత నెమ్మదిగా వెనక్కి తీసింది. దాంతోపాటే ఆక్టోపస్ పాకివచ్చింది, ముందు రాయి రంగు, వెంటనే ఎరుపు. చటుక్కున తల పట్టుకుని సంచిలా తిరగేసింది. మోచేతిదాకా చుట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదులయ్యాయి. దాన్ని రాతిమీద పరిచి కర్రతో బాదడం మొదలుపెట్టింది.

"బాదకపోతే రేపు పాస్టరుగారి కట్టుడు పళ్ళు ఊడొస్తాయి. నువ్వూ కొట్టు. మీ ఆయన్ని తలుచుకుని కొట్టు."

లోసానా నవ్వింది. ఈ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. కొంచెం కొట్టి, ఆగి, భుజానికి వేలాడుతున్న సీసా తీసి నీళ్ళు తాగింది. అప్పటికే ఒక సీసా ఖాళీ అయింది. ఇదీ ఖాళీ చేసింది. "ఇప్పుడే వస్తానత్తా," అని రాళ్ళ వెనక్కి వెళ్ళింది. ఒడ్డు దాటాక అలా వెళ్ళడం అది మొదటిసారి కాదు. ఫూసీ ఆక్టోపస్‌ను బాదుతూనే ఉంది. చేతిలో కర్ర మాత్రం నెమ్మదించింది.

తిరిగి వచ్చాక లోసానా పక్కన కూర్చుంది. సముద్రం వైపు చూస్తూ అడిగింది.

"అత్తా, మొదట్లో నీకు కళ్ళు మసకబారేవా? చర్చిలో పాటల పుస్తకం అక్షరాలు... నీళ్ళలో ఉన్నట్టు?"

"బారేవి."

"కాళ్ళలో చీమలు?"

"పాకేవి."

ఫూసీ కర్ర పక్కన పెట్టింది. లేచి, మోకాలి లోతు మడుగులోకి దిగి, ఇసుకలోంచి లిమూ గుప్పెడు పీకింది. ఆకుపచ్చ పూసలు గుత్తులు గుత్తులుగా ఉండే నాచు. ఉప్పునీళ్ళలోనే జాడించి తెచ్చి లోసానా అరచేతిలో పెట్టింది.

"తిను."

"వద్దత్తా. నేను... బిస్కెట్లు తెచ్చుకున్నాను."

ఆమె గుడ్డ సంచిలోంచి తీసిన పొట్లంలో గట్టి బిస్కెట్లూ, ఒక డబ్బాలో ఉడకబెట్టిన క్యాబేజీ ఉన్నాయి. సోమవారం ఫూసీ ముందు దిగిన పళ్ళెంలోవే.

"ఎప్పట్నించి తింటున్నావిది?"

"నువ్వు పడిపోయిన దగ్గర్నించి." లోసానా డబ్బా మీద మూత అదిమింది. "ఆస్పత్రిలో నర్సమ్మ నీకు చెబుతోంది కదా, దాహం, మసక, మాటిమాటికీ లేవడం అని. నేను పక్కనే నిలబడి విన్నాను. అన్నీ నావే."

"చూపించుకోలేదా?"

"చూపించుకుంటే నిజమైపోదూ!" అంది లోసానా. "మా అమ్మకి ముందు వేలు తీశారు. తరువాత కాలు. కాలు పోయాక కూడా రాత్రి పడుకునే ముందు రెండు చెప్పులూ మంచం పక్కన జంటగా పెట్టుకునేది. నేనే సర్ది ఇచ్చేదాన్ని. తినొద్దని చెప్పినవన్నీ తినేదత్తా. నేను తెచ్చి ఇస్తేనే తినేది. ఏడిస్తే కాదనలేక ఇచ్చేదాన్ని." చేతిలో నాచు నలిగిపోతోంది. "నీకు కూడా నేనే పెట్టి... అందుకే లాగేశాను. అందరిముందూ లాగేశాను."

ఫూసీ ఆమె గుప్పిట విప్పింది. పాడైపోతుందని కాబోలు, నాచును ఒక్కో గుత్తీ సరిచేసింది. ఓదార్చే మాటలు ఆమెకు రావు. ఎప్పుడూ రాలేదు.

"నర్సమ్మ చేపలు తినమంది. ఆకులు తినమంది. సీమపనస ఇంత చెక్క తినమని అరచెయ్యి చూపించింది. నీకు వినపడలేదా?"

"నాకు వద్దన్నవే వినపడ్డాయి."

"అవును మరి, వద్దన్నప్పుడు కేకేసింది, తినమన్నప్పుడు గొణిగింది." ఫూసీ ఒక గుత్తి తుంచి తన నోట్లో వేసుకుంది. పంటికింద పూసలు చిట్లి సముద్రమంతా ఒక్కసారి నాలుకమీదికి వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా రుచి అదే. తడి వెంట్రుకలతో తల్లి వంగి, "ఇంకా కావాలా?" అని అడిగినట్టే ఉంది. "నోట్లో పెట్టుకో పిల్లా. పళ్ళతో చిట్లించు. మింగేయకు."

లోసానా పెట్టుకుంది. నమిలింది. ఏడుస్తూనే కళ్ళు పెద్దవి చేసింది.

"పేలుతోంది!"

"పేలుతుంది. ఇంకా తిను. ఉప్పు మీద ఉప్పు పడకుండా కన్నీళ్ళు తుడుచుకో." రెండో గుత్తి అందించింది. "శుక్రవారం నాతో ఆస్పత్రికి రా."

"అది మాత్రం అడక్కత్తా."

గడపలో కెలెపితో పలికిన గొంతు మళ్ళీ పలికించవచ్చు. పలికిస్తే ఈ పిల్ల వస్తుంది, ఆ క్యాబేజీ తిన్నట్టే వస్తుంది. ఫూసీ ఆ గొంతును తీయలేదు.

"ఆ రాతి అవతల ఇంకో బొరియ ఉండేది. పద, చూద్దాం," అంది.

*

గురువారం చీకటి విడవకముందే పెరట్లో గుంట పొయ్యిలో రాళ్ళు ఎర్రబడ్డాయి. కెలెపి పందిని కాల్చే పని అన్నదమ్ములకు అప్పగించి, తను రాత్రి వలలో పడ్డ చేపలను శుభ్రం చేశాడు. కోపం ఇంకా పోలేదు, పొలుసులు దూరంగా ఎగిరేలా గీకాడు. ఫూసీ చేమాకుల ఈనెలు తీస్తూ, ఆకు మీద ఆకు పరిచి, మధ్యలో ఉడికించిన ఆక్టోపస్ ముక్కలూ ఉల్లిపాయా పెట్టింది. లోసానా కొబ్బరి కోరి, పీచుతో పిండి పాలు తీసింది.

"పాలు కాసిన్ని చాలు. ఈదడానికి కాదు, తడవడానికి," అంది ఫూసీ. "అంచులు మూసి గట్టిగా కట్టు. బాగా ఉడకాలి. పచ్చి మిగిలితే గొంతు దురద. పాస్టరుగారు ప్రసంగం బదులు గోక్కుంటాడు."

పొట్లాలు రాళ్ళమీదికి దిగాయి. వాటిమీద ఆకులు, గోనెలు, మట్టి. చేపల్లో సగం నిప్పులమీద, సగం పచ్చివే నిమ్మరసంలో దోసకాయా టమాటాలతో. సీమపనస చెక్కలు అరచేతి కొలతకు కోయించింది ఫూసీ. లిమూ కడిగి ఆకు దొన్నెల్లో పెట్టించింది.

చర్చినుంచి జనం వచ్చారు. చాపల వెంట రెండు వరసలుగా కూర్చున్నారు. మధ్యలో పంది ఒకటే, దాని చుట్టూ అంతా ఆకుపచ్చ. నానీసె అటూ ఇటూ చూసి పక్కామెతో ఏదో అంది. ఎవరో కుర్రవాళ్ళు కూల్‌డ్రింకు ఏదని సైగలు చేశారు. కెలెపి చెవులు ఎర్రబడ్డాయి. నేలవంక చూస్తూ నిలబడ్డాడు. లోసానా విసనకర్ర పట్టుకుని ఫూసీ వెనక తన చోట నిలబడింది. అతిథులు తిని లేచాక, మొగవాళ్ళు తిన్నాక, ఎప్పటికో వంటింట్లో ఇంటి కోడలు తింటుంది. ఆమె గుడ్డ సంచి అక్కడే కొక్కేనికి వేలాడుతోంది.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నారు. పొట్లాలు విప్పారు. కొబ్బరిపాలూ పొగా కలిసిన వాసన చాపలమీదుగా పాకింది. ఫూసీ ముందు కూడా పొట్లం విప్పి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"లోసానా, ఇలా వచ్చి కూర్చో."

లోసానాకు అర్థం కాలేదు. "ఏం కావాలత్తా? తెస్తాను."

"ఏమీ తేవద్దు. నా పక్కన కూర్చో." ఫూసీ ఎడమవైపు జరిగి చాపమీద చోటు చేసింది.

నమలడాలు ఆగాయి. విందు వరసలో, పాస్టరుగారి ఎదుట, వడ్డించే కోడలు కూర్చోవడం ఎవరూ చూడలేదు. లోసానా ముఖం పాలిపోయింది. "అందరూ చూస్తున్నారత్తా. ఈగలు ఎవరు తోలుతారు?"

"ఈగలా? విసనకర్ర మీ ఆయనకివ్వు."

హావిలి నోట్లో పంది మాంసంతోనే పెద్దగా నవ్వాడు. "ఇవ్వమ్మా ఇవ్వు! అంత చెయ్యి ఊపితే ఈగలేమిటి, మేమే ఎగిరిపోతాం!" జనం గొల్లున నవ్వారు. కెలెపి అత్త ముఖంలోకి చూశాడు. అక్కడ నవ్వు లేదు. తరువాత భార్య ముఖంలోకి చూశాడు, వారాలుగా చూడనట్టు చూశాడు. కళ్ళకింద నలుపు, వదులైన గాజులు. ఏం గ్రహించాడో, ఏమీ అడగకుండా వచ్చి ఆమె చేతిలోంచి విసనకర్ర తీసుకున్నాడు. ఇద్దరి వెనకా నిలబడి విసరడం మొదలుపెట్టాడు.

లోసానా కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కొద్ది చోటులోనే ఒదిగింది. ఫూసీ పొట్లాన్ని ఇద్దరి మధ్యకూ జరిపింది. చేమాకూ ఆక్టోపస్ ముక్కా కలిపి తీసి ఆమె చేతికి ఇచ్చింది. లోసానా అందుకుంది. పైనుంచి ఏదో చేయి వచ్చి లాగేస్తుందేమో అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. నోట్లో పెట్టుకుంది.

మెత్తగా ఉడికిన ఆకు వెన్నలా కరిగింది. ఆక్టోపస్ పంటికి కాస్త ఎదురు తిరిగి లొంగింది. లోసానా కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద తనే తీసుకుంది. నిమ్మరసంలో నానిన చేప తీసుకుంది. లిమూ పంటికింద చిట్లించింది. సీమపనస చెక్కను చేతిలోకి తీసుకుని, తన అరచేతితో కొలిచి చూసి, ఫూసీ వంక చూసింది. ఫూసీ తలూపింది. లోసానా కొరికింది.

వరస మళ్ళీ మాటల్లో పడింది. కొందరు పంది అయిపోయాక తినడం ఆపేశారు. నిమ్మగడ్డి నీళ్ళలో చక్కెర మరిచిపోయారని ఎవరో అన్నారు. పాస్టరుగారు మాత్రం మాట్లాడకుండా రెండో పొట్లం విప్పారు. హావిలి ముందు పంది ఎముకలు కుప్పపడ్డాక, ఆయన పొట్టమీద చేయి వేసుకుని, "ఆ ఆకు పొట్లం ఒకటి ఇటు పంపండి. మా అమ్మ పోయాక నేనిది తినలేదు," అన్నాడు. ఈసారి ఎవరినీ నవ్వించాలని చూడలేదు.

లోసానా తింటూనే ఉంది. ఆబగా కాదు. ప్రతి ముద్దనూ కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు తింటోంది. ఒదిగిన మోకాళ్ళు ఎప్పుడో విడివడి చాపమీద సుఖంగా పరుచుకున్నాయి. గాలికి చెదిరిన జుట్టును మోచేత్తో వెనక్కి తోసుకుని, నోట్లో ముద్ద ఉండగానే, తల తిప్పకుండా అడిగింది.

"అత్తా, రేపు ఆస్పత్రి ఎన్నింటికి తెరుస్తారు?"

ఫూసీ ఇంకో ముక్క ఆమె వైపు జరిపింది. వెనక విసనకర్ర ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది.

"పొద్దున్నే తెరుస్తారు," అంది. "తొందరేం లేదు. ముందు ఇది తిను, చల్లారితే రబ్బరవుతుంది."